ఆరు కుర్చీలు, పదకొండు గ్లాసులు

మా విశ్వవిద్యాలయంలో ఒక ఉపకార వేతనం ఉంది. ఇరవై రెండేళ్ళుగా ఉంది. ఇన్నేళ్ళయినా అది చెక్కుచెదరకుండా ఉండటానికి కారణం, దాన్ని ఇంతవరకు ఎవరికీ ఇవ్వకపోవడమే. పక్క విభాగాల వాళ్ళు తమ నిధుల్ని అడిగినవాడికల్లా పంచిపెట్టి, ఇప్పుడు ఖాళీ బీరువాల ముందు కూర్చుని ఈగలు తోలుకుంటున్నారు. మేము అలాంటివాళ్ళం కాదు. 'ఈ నిధిలో ఒక్క రూపాయి కూడా అనర్హులకు చేరలేదు' అని ఆడిటు వాళ్ళు ఏటా మెచ్చుకుని వెళ్ళే విభాగం మాదొక్కటే. ఆ వాక్యాన్ని ఫ్రేము కట్టించి గోడకి తగిలించాం. మేడూరి గవర్రాజు అనే నేను ఆ ఫ్రేము కింద కూర్చునే సీనియర్ అసిస్టెంటుని.

ఈ వేతనం పెట్టినావిడ పేరు రత్తమ్మ. మా గేటుకి ఎదురుగా ముప్ఫై ఏళ్ళు మెస్సు నడిపింది. డబ్బున్న విద్యార్థికీ లేని విద్యార్థికీ ఒకే గరిటెతో వడ్డించింది. పోయేముందు మెస్సునీ, అది ఉన్న స్థలాన్నీ అమ్మించి, ఎమ్మే, ఎమ్మెస్సీ చదవాలని ఉండి చదవలేని పిల్లలకి ఫీజు కట్టండని ఆ డబ్బంతా యూనివర్సిటీకి ఇచ్చేసింది. చదువుకోలేదు కాబట్టి షరతులు పెట్టడం ఆవిడకి చేతకాలేదు. ఒకే ఒక్క మాట రాయించి వేలిముద్ర వేసింది. 'వాళ్ళింటికెళ్ళి కళ్ళారా చూసి ఇవ్వండి.'

ఆ ఒక్క మాటని అమలు చెయ్యడానికి మావాళ్ళు నలభై ఆరు పేజీల మార్గదర్శకాలు రాశారు. కళ్ళంటే ఎవరి కళ్ళు, చూడడమంటే ఎంతసేపు అన్న విషయాలు మొదటి పదకొండు పేజీల్లో తేల్చారు. చూడడమంటే నలభై ఐదు నిమిషాలకు తగ్గకుండా చూడడం. చూసేవాళ్ళు ప్రత్యక్ష దారిద్ర్య నిర్ధారణ సంఘం వారు. దానికి అధ్యక్షులు ఆచార్య భుజంగరావు గారు, సభ్యులు ఉప ఆర్థికాధికారి కోదండపాణి గారు, కార్యదర్శిని నేను. అభ్యర్థి ఇంట్లో కంటికి కనిపించిన ప్రతి వస్తువునూ దృశ్యాస్తుల రిజిస్టరులో ఎక్కించడం నా పని. బొద్దుగా, నాలుగంగుళాల మందాన ఉంటుంది ఆ రిజిస్టరు.

ఇన్నేళ్ళలో చాలా ఇళ్ళు చూశాం. ఒక అబ్బాయి ఇంట్లో సైకిలు కనిపించింది, వాహనాల కింద రాశాం. ఇంకొకళ్ళ గుమ్మంలో కుక్క ఉంది. తమ తిండికే కటకటలాడేవాళ్ళు మరో నోటిని పోషిస్తున్నారంటే ఎక్కడో మిగులు ఉన్నట్టేనని కోదండపాణి గారు తేల్చారు. కిందటేడు ఒకమ్మాయి ఇంట్లో నిజంగానే ఏమీ లేదు, నాలుగు గోడలూ ఒక చాపా తప్ప. భుజంగరావు గారు ఆ గోడల వంక చాలాసేపు చూసి, "ఇంతటి శూన్యం స్వాభావికం కాదు. ఇందులో పూర్వసన్నాహం కనిపిస్తోంది" అని ఆ దరఖాస్తుని పక్కన పెట్టారు.

ఈ ఏడు పంపన కుసుమ వచ్చింది.

గోదావరి నడుమ ఉన్న లంక ఆ అమ్మాయిది. తండ్రి అబ్బులు రేవు దాటి గట్టు మీది ఊళ్ళో ఒక టెంటు హౌసులో కూలి. పెళ్ళిళ్ళకీ సభలకీ కుర్చీలు మోస్తాడు. కుసుమకి ప్రవేశ పరీక్షలో నాలుగో ర్యాంకు వచ్చి, ఎమ్మెస్సీ జియాలజీలో సీటు దొరికింది. ఫీజు నలభై ఒక్క వేలు. సెప్టెంబరు ముప్ఫయ్యో తేదీలోపు కట్టాలి.

"జియాలజీ ఎందుకమ్మా? ఉద్యోగాలు వచ్చేదేదైనా చూసుకోలేకపోయావా?" అని దరఖాస్తు తీసుకుంటూ అడిగాను.

"మా లంక కోసుకుపోతందండి" అంది. "నా చిన్నప్పుడు మా ఇంటికీ గోదారికీ మధ్యన మూడు జామతోటలుండేవండి. ఇప్పుడొకటే ఉంది. ఎటుపక్క కోత్తదో, ఎంత కోత్తదో ముందే తెలిత్తే ఏ ఇల్లు ఎప్పుడు ఖాళీ చెయ్యాలో చెప్పొచ్చు కదండి. మాలో ఎవరో ఒకరు అది చదవాలి కదండి."

నేను మార్కుల జాబితాలు సరిచూస్తున్నాను.

"ముప్ఫయ్యో తారీకు దాటితే సీటు ఐదో ర్యాంకుకి ఇచ్చేత్తారంటండి. ఈలోపల అయిపోద్దాండి?"

"నిబంధనల ప్రకారం అవుతుంది" అన్నాను. అది అబద్ధం కాదు. నిబంధనల ప్రకారం కానిదంటూ మా ఆఫీసులో ఏదీ లేదు.

అయిదో తేదీన వస్తున్నామని ఉత్తరం పంపాం. 'సంఘము తమ గృహమును సందర్శించుచున్నది. కుటుంబ సభ్యులు తగురీతిన సహకరించవలెను' అని రాశాను. 'తగురీతిన' అన్న మాట నమూనాలో లేదు. వాక్యం నిండుగా ఉంటుందని నేనే చేర్చాను. ఆ మాట వాళ్ళకెంత పని పెట్టిందో రేవు దిగగానే తెలిసింది.

గోదావరి దాటించే పంటు దిగేసరికి అబ్బులు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎండ లేదు, వాన లేదు. అయినా భుజంగరావు గారి నెత్తిమీద గొడుగు పట్టి ఇంటిదాకా నడిపించుకుపోయాడు. వాళ్ళది తాటాకిల్లు. ముందు పందిట్లో ఆరు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. బల్ల మీద పువ్వుల దుప్పటి పరిచి, దాని మీద తళతళలాడే స్టీలు గ్లాసులు పదకొండు పెట్టారు. వచ్చింది ముగ్గురమే. ఇంకా ఎవరైనా వస్తారేమోనని మిగతావి పెట్టి ఉంటారు. బడి నుంచి తెచ్చిన నిలువు ఫ్యాను ఒకటి మా మీదికి గాలి కొడుతోంది. దాని స్తంభం మీద 'మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల' అని రాసి ఉంది.

ఇంటికి పెద్దమనుషులు వస్తున్నారంటే మన వైపు ఎవరైనా ఇదే చేస్తారు. మా చెల్లెలికి పెళ్ళిచూపులప్పుడు మా నాన్న పక్కింటి నుంచి సోఫా తెప్పించాడు, ఎదురింటి నుంచి గోడగడియారం. ఆ సంగతి గవర్రాజుగా నాకు బాగా తెలుసు. కానీ సంఘం కార్యదర్శిగా నేను నా కంటికి కనిపించింది మాత్రమే రాయాలి. రాశాను.

"మాకు ఏ సత్కారాలూ వద్దు. మేము నిష్పక్షపాతులం" అంటూ భుజంగరావు గారు మూడో గారె అందుకున్నారు. నాటుకోడి పులుసులో నంచుకుని తింటూ, "పోషకాహార స్థాయి ఎలా ఉందని రాశావు?" అని నన్నడిగారు.

"ఉన్నతం అని రాశానండి."

"అత్యున్నతం అని మార్చు."

కోదండపాణి గారు మంచినీళ్ళు తాగి గ్లాసు పైకెత్తి చూశారు. మనవాళ్ళు స్టీలు సామాను కొంటే దాని మీద పేరు కొట్టించకుండా ఇంటికి తీసుకెళ్ళరు కదా. "బొక్కా నాగమణి, మేనమామ కానుక" అని చదివారు. ఇంకొకటి తీశారు. "గుత్తుల వారి గృహప్రవేశం." మరొకటి. "చిట్టూరి సుబ్బాయమ్మ జ్ఞాపకార్థం." పదకొండు గ్లాసుల మీదా పదకొండు పేర్లు చదివి, గొంతు తగ్గించి నాతో అన్నారు. "వీళ్ళ ఇంటిపేరు పంపన కదా. ఇంతమంది సామాను వీళ్ళింట్లో ఎందుకుంది? తాకట్టు వ్యాపారం. నోట్ చేసుకోండి."

తర్వాత లేచి కుర్చీల వెనక్కి వెళ్ళి చూశారు. ప్రతి కుర్చీ వీపు మీదా తెల్లరంగుతో 'శ్రీ వీరభద్ర టెంట్ హౌస్' అని రాసి ఉంది. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఇదిగో, ప్రధాన వ్యాపారం" అన్నారు.

పెరటి వైపు మిగిలిన ఒక్క జామతోటా దాటితే గోదావరి. ఒడ్డు నిట్టనిలువుగా తెగి ఉంది. ఒక జామచెట్టు వేళ్ళు సగం గాల్లో వేలాడుతున్నాయి. భుజంగరావు గారు చేతులు వెనక్కి కట్టుకుని దీర్ఘంగా శ్వాస పీల్చారు. "నదీముఖ స్థలం. ఇటువంటి దృశ్యానికి నగరాల్లో ఏ ధర పలుకుతుందో మీరు ఊహించలేరు" అన్నారు.

"ఇంకో రెండేళ్ళుంటదండి ఇది" అన్నాడు అబ్బులు.

"ఆ తరువాత? ఎవరికైనా ఇచ్చివేయదలచారా?"

"మనం ఇచ్చేదేముందండి. గోదారే తీసేసుకుంటది."

"స్థలాన్ని తీసుకొనువారు సిద్ధముగా ఉన్నారు" అని కోదండపాణి గారు నాకు చెప్పి రాయించారు.

వారం తర్వాత కుసుమ ఫలితం కోసం వచ్చింది. నేను నివేదిక చదివి వినిపించాను. కుటుంబానికి టెంటు హౌసు వ్యాపారం కలదు. అనుబంధంగా తాకట్టు వ్యాపారం కలదు. నదీముఖ స్థిరాస్తి కలదు. ప్రాథమిక పాఠశాల ఫ్యానుపై ఆధిపత్యము కలదు. తిరస్కరించడమైనది.

ఆ అమ్మాయి మెల్లగా అంది. "కుర్చీలు మా నాన్న పనిచేసే కొట్టుయ్యండి. మీరొత్తన్నారని ఓనరు గారి కాళ్ళా వేళ్ళా పడి తెచ్చేడు. గ్లాసులు మా వీధోళ్ళయ్యండి. కోడి మా పిన్నిదండి. మీరు తిన్నదాంట్లో మాదంటే ఉప్పొక్కటేనండి."

ఇరవై రెండేళ్ళుగా ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి, ఏ అభ్యర్థి మాటా నాకు ముల్లులా గుచ్చుకోలేదు. ఆ రోజు గుచ్చుకుంది. అటూ ఇటూ చూసి, పదిహేడో నిబంధన కింద పునఃపరిశీలన కోరే వీలుందని చెప్పాను. ఆ కాగితం నేనే రాసి సంతకం పెట్టించుకున్నాను. మార్గదర్శకాల్లో లేని సలహా కూడా ఒకటి ఇచ్చాను.

"ఈసారి మేము వచ్చినప్పుడు ఏమీ పెట్టకండి. కుర్చీలు వద్దు, గ్లాసులు వద్దు. ఉన్నదున్నట్టు ఉండనివ్వండి."

"మంచినీళ్ళు కూడానాండి?"

"నీళ్ళిస్తే గ్లాసు కనిపిస్తుంది కదమ్మా."

"మా నాన్న ఒప్పుకోడండి" అంది. "గుమ్మంలోకొచ్చినోళ్ళకి మంచినీళ్ళివ్వపోతే మా నాన్నకి ఆ పూట అన్నం సయించదండి."

"సీటు పోతుంది మరి" అన్నాను.

పద్దెనిమిదో తేదీ మధ్యాహ్నం పన్నెండింటికి మళ్ళీ లంకలో దిగాం. రేవులో గొడుగు లేదు. ఆ రోజు ఎండ మాడ్చేస్తోంది. పందిట్లో ఏమీ లేదు. అబ్బులు గుంజ పక్కన తలవంచుకుని నిలబడ్డాడు. కుసుమ ఆయన పక్కనే నిలబడింది. వాళ్ళమ్మ గుమ్మం లోపలి నుంచి బయటికే రాలేదు.

చూడడమంటే నలభై ఐదు నిమిషాలు. అంతసేపూ నిలబడ్డాం. పది నిమిషాలకి భుజంగరావు గారు జేబురుమాలు తీశారు. ఇరవై నిమిషాలకి కోదండపాణి గారు గోడ నీడలోకి జరిగారు. అరగంటకి భుజంగరావు గారు ఆకాశం వంక చూస్తూ, "ఈ ప్రాంతమున దప్పిక అధికము" అని పైకే అన్నారు.

అబ్బులు ఒక్క అడుగు వేశాడు. కుసుమ ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన ఆగిపోయాడు. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని గుంజవైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన భుజాలు కదలడం నేను చూశాను. అతిథిని ఎండలో నిలబెట్టి దాహంతో పంపడం ఆయన జన్మలో ఎన్నడూ చెయ్యని పని. ఆ పని ఆయన చేత నేనే చేయించాను. నాకు సిగ్గేసింది. ఆ రోజు రిజిస్టరులో నేను రాయవలసిన వస్తువు ఒక్కటీ లేదు.

కానీ నివేదిక మాత్రం మొదటిదానికన్నా పెద్దదైంది. కారులో వస్తూనే భుజంగరావు గారు చెప్పుకుపోయారు.

"నిరుపేదతనం వేరు, నిరాదరణ వేరు. ఇరవై మూడో నిబంధన ప్రకారం అభ్యర్థి కుటుంబం సత్ప్రవర్తన గలదై ఉండవలెను. గుక్కెడు నీళ్ళీయని కొంపకు సత్ప్రవర్తన ఎట్లా రాస్తాం?"

"అది చిన్న విషయం సార్" అన్నారు కోదండపాణి గారు. "అసలు సంగతి వేరే ఉంది. గత తనిఖీలో ఆరు కుర్చీలు, పదకొండు గ్లాసులు, ఒక ఫ్యాను, ఒక బల్ల, ఒక దుప్పటి మన రిజిస్టరులో ఎక్కాయి. ఈసారి ఏవీ లేవు. ఏమయ్యాయి? ఆస్తుల దాచివేత. ఇది క్రిమినల్."

పోలీసు కేసు దాకా వెళ్ళకుండా ఆపడానికి నాకు రెండు రోజులు పట్టింది. చివరికి భుజంగరావు గారే ఒక మధ్యేమార్గం కనిపెట్టారు. మొదటిసారి అభ్యర్థి ధనికురాలిగా నటించింది, రెండోసారి పేదగా నటించింది. కాబట్టి మూడోసారి ముందుగా చెప్పకుండా వెళ్ళి, ఆ కుటుంబాన్ని సహజ స్థితిలో చూడాలి. అందుకు ఇరవై ఏడో తేదీ ఉదయం నిర్ణయమైంది. ఆ రోజే ఎందుకంటే ఆ సాయంత్రం రత్తమ్మ గారి శతజయంతి సభ ఉంది. కారు ఎలాగూ బయటికి తీస్తారు.

శతజయంతి ఆలోచన కూడా మా సంఘానిదే. నిధి ఖర్చు కాక పేరుకుపోతోందని పైనుంచి ఒక ప్రశ్న వచ్చింది. విద్యార్థులకి ఇస్తే దుర్వినియోగమయ్యే ప్రమాదం ఉంది కాబట్టి, దాతని స్మరించుకోవడానికి ఖర్చు పెట్టడం క్షేమమని తీర్మానించాం.

ఇరవై ఏడో తేదీ పొద్దున్నే లంకకి వెళితే ఇంటికి తాళం వేసి ఉంది. మేము బయటే నిలబడి నలభై ఐదు నిమిషాలు తాళాన్ని చూశాం.

"తాళం ఉన్నదంటే లోపల తాళం వేయదగినవి ఉన్నట్టే" అన్నారు కోదండపాణి గారు.

పక్కింటి గుమ్మంలోంచి ఒకావిడ తొంగిచూసింది. గ్లాసు మీది బొక్కా నాగమణి ఆవిడేనని తర్వాత తెలిసింది. "ఆళ్ళు తెల్లారగట్లే పనికెల్లిపోయేరండి, తండ్రీ కూతురూ. యూనివర్సిటీలో ఏదో మీటింగంట. ఆరొందల కుర్చీలంట" అని చెప్పింది.

మేము సభకి తిరిగొచ్చేసరికి మైదానమంతా ఎర్ర కుర్చీలు. వ్యాను నుంచి దించి వరసలు పేరుస్తున్నవాళ్ళలో అబ్బులు ఉన్నాడు. కుసుమ అయిదు కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పెట్టి నెత్తిన మోసుకొస్తోంది. నన్ను చూసి ఆగింది. పైకుర్చీ తీసి, కొంగుతో తుడిచి నా ముందు పెట్టింది.

"కూచోండి సార్. ఈసారి ఇయ్యి మీయ్యే" అంది.

వేదిక మీద భుజంగరావు గారు గంటన్నర ప్రసంగించారు. రత్తమ్మ గారు ఆకలిగొన్న విద్యార్థికి ఇంత అన్నం పెట్టి, నీవెవరు అని అడుగని మహాతల్లి అన్నారు. ఆమె ఆశయమే మా సంఘానికి ఊపిరి అన్నారు. చప్పట్లు కొట్టారు అందరూ. కుసుమ కూడా కొట్టింది. చివరి వరసలో నిలబడి, ఎప్పుడైపోతే అప్పుడు కుర్చీలు ఎత్తాలి కాబట్టి.

మర్నాడు సభ ఖర్చుల బిల్లులు కోదండపాణి గారి బల్ల మీదికి వచ్చాయి. కుర్చీల అద్దె టెంటు హౌసుకి, మోత కూలీ మాత్రం యూనివర్సిటీయే కూలీలకు నేరుగా ఇచ్చింది. ఆ పట్టీలో 'పంపన అబ్బులు, ఆరువందలు. పంపన కుసుమ, నాలుగువందలు' అన్న పద్దులు చూసి ఆయన కుర్చీలోంచి లేచి నా దగ్గరికి నడిచొచ్చారు. ఇరవై రెండేళ్ళలో ఆయన నా దగ్గరికి నడిచిరావడం అదే మొదలు.

"తొమ్మిదో నిబంధన చదవండి" అన్నారు.

"యూనివర్సిటీ నుండి వేతనము పొందుచున్నవారు ఈ ఉపకార వేతనమునకు అనర్హులు" అని చదివాను.

"ఆ అమ్మాయి మన ఉద్యోగి. నిన్నటి నుంచి. ఫైలు మూసెయ్యండి."

మూసేశాను. రత్తమ్మ గారి నిధి నుంచి డబ్బు తీసుకున్న మొదటి పీజీ అభ్యర్థి కుసుమే. నాలుగువందలు, మోత కూలీ.

కుసుమకి ఆ ఉత్తరం నేనే చేతికిచ్చాను. ఏమైనా అంటే బాగుండుననిపించింది. "ఎల్లుండేనాండి ముప్ఫయ్యో తారీకు?" అని మాత్రం అడిగి వెళ్ళిపోయింది.

ముప్ఫయ్యో తేదీ పదకొండింటికి ఫీజు కౌంటరు దగ్గర గొడవగా ఉందని కబురొస్తే వెళ్ళాను. లంక నుంచి వీధి వీధంతా దిగింది. ముందు కుసుమ, వెనక అబ్బులు, వాళ్ళ వెనక పద్దెనిమిది ఇళ్ళవాళ్ళు. అందరికన్నా వెనక టెంటు హౌసు యజమాని. ఒక్కొక్కళ్ళ చేతిలో మడత పెట్టిన నోట్లున్నాయి. డబ్బంతా ఒకచోట పోగుచేసి ఒకళ్ళే కట్టండని క్యాషియరు మొత్తుకుంటున్నాడు. వాళ్ళు వినడంలేదు. ఎవరి డబ్బు వాళ్ళే తమ చేత్తో ఇస్తామంటున్నారు.

"ఎందుకమ్మా ఇంత పట్టుదల?" అని ముందున్న నాగమణిని అడిగాను.

"మా గ్లాసులు ఆళ్ళయ్యని రాసేసేరంట కదండి" అంది. "రేపు డబ్బులు కూడా కుసుమాళ్ళయ్యని రాసేత్తారు. అప్పుడు ఆ పిల్లకి మళ్ళీ ఏదీ రాదు. అందుకే ఎవరియ్యి ఎవరియ్యో మీ కళ్ళారా చూత్తారని మేమే వచ్చేమండి."

క్యాషియరు చివరికి లొంగి, పంతొమ్మిది సార్లు డబ్బు లెక్కపెట్టుకుని, ఒకే రసీదు ఇచ్చాడు. 'పంపన కుసుమ వగైరా' అని రాశాడు. ఆఖరి రోజు మూడింటికి, కౌంటరు మూసే ముందు, సీటు ఆ అమ్మాయిదైంది. అబ్బులు ఆ రసీదుని తువ్వాల్లో చుట్టుకుని, నా వంక చూసి నమస్కారం పెట్టాడు. ఎందుకు పెట్టాడో నాకు అర్థం కాలేదు. నేను తలవంచుకున్నాను.

కథ ఇక్కడితో అయిపోతే మాది విశ్వవిద్యాలయం ఎందుకవుతుంది? భుజంగరావు గారు మేడ మీది కిటికీలోంచి ఆ జనాన్నంతా చూశారు. మర్నాడే సంఘం అత్యవసర సమావేశం పెట్టారు.

"మనం ఇన్నేళ్ళూ చేసిన కృషి ఫలించింది" అన్నారు. "మన సంఘం ఇవ్వకపోవడం వల్లనే ఆ వీధి ముందుకు వచ్చింది. ఇచ్చి ఉంటే వచ్చేదా? ఒక్క తిరస్కారం పంతొమ్మిది మంది దాతలను సృష్టించింది. దీనిని ప్రజాశ్రయ విద్యా నమూనా అని వ్యవహరిద్దాం. ఇకమీదట పీజీ చదవదలచిన ప్రతి పేద విద్యార్థీ ముందు తన వీధిని ఆశ్రయించవలెను. వీధులను ఉత్తేజపరచడానికి రత్తమ్మ గారి నిధిని వెచ్చిద్దాం."

"కరపత్రాలకి రెండు లక్షలు, కొత్త కారుకి పదకొండు" అని కోదండపాణి గారు అంచనా చెప్పారు. కరపత్రం మొదటి పేజీలో వేసింది కుసుమ ఫొటోయే. దాని కింద 'మన నిధి స్ఫూర్తితో' అని ఉంది.

నమూనా ప్రారంభోత్సవం ఆ లంకలోనే జరపాలని తీర్మానమైంది. ఆహ్వాన లేఖ తయారుచేసింది నేనే. చివరి వాక్యం భుజంగరావు గారు స్వయంగా చెప్పి రాయించారు. 'సభకు వలసిన షామియానా, కుర్చీలు, మంచినీరు, ఉపాహారము స్థానికులు తగురీతిన ఏర్పాటు చేసికొనవలెను.'

ప్రారంభోత్సవం నాటి ఆదివారం భుజంగరావు గారూ కోదండపాణి గారూ కొత్త కారులో వెళ్ళారు. నాకు వేరే పని ఉందని చెప్పి బస్సులో వెళ్ళాను. మా ఇంట్లో మా నాన్న నాటి ఇనప కుర్చీ ఉంది, మడిచేది. దాన్ని ఒక చంకలో, రిజిస్టరుని ఇంకో చంకలో పెట్టుకుని పంటు ఎక్కాను. పంటువాడు కుర్చీకి అర టిక్కెట్టు కొట్టాడు.

రేవులో అబ్బులు గొడుగుతో ఉన్నాడు. నన్ను చూసి పరుగున వచ్చి కుర్చీ అందుకోబోయాడు.

"మీరు మొయ్యకూడదండి. అరవై కుర్చీలు వేసేనండి అక్కడ."

"తెలుసు అబ్బులు గారూ. నా కుర్చీ నేను తెచ్చుకున్నాను" అని ఇవ్వలేదు.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత నవ్వాడు. ఆయన నవ్వగా చూడడం నాకదే మొదలు.

సభ మామూలుగానే జరిగింది. నేను పందిట్లో ఒక మూల నా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. హాస్టలు నుంచి వచ్చిన కుసుమ అందరికీ మంచినీళ్ళిచ్చింది. కోదండపాణి గారు తాగి, అలవాటు కొద్దీ గ్లాసు ఎత్తి చూశారు. కొత్త గ్లాసు. వీధివాళ్ళు ఆ అమ్మాయి హాస్టలుకి వెళ్ళేటప్పుడు కొనిచ్చింది. దాని మీద ఇంకా నలుపెక్కని చుక్కల అక్షరాల్లో పేరుంది.

"పంపన కుసుమ, ఎమ్మెస్సీ" అని పైకే చదివి, నావైపు తిరిగారు. "చూశారా గవర్రాజు గారూ, ఇది మాత్రం అచ్చంగా వీళ్ళదే. వచ్చే ఏడు రెండో సంవత్సరం ఫీజుకి మళ్ళీ దరఖాస్తు పెట్టకపోదు. అప్పటికి పనికొస్తుంది. రాసుకోండి."

కుసుమ చేతిలో బిందెతో అలాగే నిలబడిపోయింది. అబ్బులు కూడా నా వంకే చూస్తున్నాడు.

"రిజిస్టరేదీ? తేలేదా?" అన్నారు కోదండపాణి గారు.

"తెచ్చానండి" అన్నాను.

"మరి తియ్యండి."

రిజిస్టరు నా కుర్చీలోనే ఉంది. దాని మీద నేను కూర్చుని ఉన్నాను. లేవలేదు.